తమ్ముడి పుణ్యమంతా ఆవు మేసింది

మా చిన్నతనంలో సుగుణాలు ఇంట్లోనే తయారయ్యేవి. ఊరగాయ పెట్టినట్టు ఏడాదికోసారి కాలం చూసుకుని, పిల్లల్ని ఎండబెట్టి, ఉప్పూ కారం దట్టించి, మూత బిగించేవారు. ఊరినవాళ్ళం ఊరాం, బూజు పట్టినవాళ్ళం బూజు పట్టాం. ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు, అన్నీ ఫోన్లోనే వచ్చేస్తున్నాయి. మొన్న మా గుడి కుటుంబాల గ్రూపులో ఎవరో మహాతల్లి పొడుగాటి సందేశం ఒకటి పంపింది, కతోలిక గృహాల్లో పిల్లలకు సుగుణాలు నేర్పడం ఎలాగో. చదివాను. మగపిల్లలకు ధైర్యం, నిజాయితీ నేర్పాలట. ఆడపిల్లలకు సహనం, వినయం, సర్దుకుపోవడం నేర్పాలట. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలే. నేను జోడించలేదు, నాలుగు పేరాలు రాశాను. గ్రూపు నడిపే ఆవిడ నాకు విడిగా ఫోన్ చేసి, "ఎందుకక్కా అంత కోపం" అంది. ఎందుకో చెప్పాలంటే, నాకు పదేళ్ళప్పుడు ఒడిశాలోని రాయగడలో జరిగిన ఆవు సంగతి మొత్తం చెప్పాలి. అది ఫోన్లో తెమిలేది కాదు, అందుకని ఇక్కడ చెబుతున్నాను. (ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదా అని అడక్కండి. కొన్ని కోపాలు టీ లాంటివి, చల్లారితే ఎందుకూ పనికిరావు.)

అప్పుడు మేం రైలు స్టేషను వెనక వీధిలో, మూడు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న మున్సిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర పనిచేసేవాడు. ఊరంతటికీ నీళ్ళు వదిలే మనిషి, ఇంట్లో మాత్రం నీళ్ళు తాగిన గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే వదిలేవాడు. నాన్నని కన్న నానమ్మ సాలూరు నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆవిడకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని, ఒక్క పూస తప్పకుండా జపమాల అంతా చెప్పగలిగేది. (ఇది ఏ సుగుణం కిందికి వస్తుందో నాకు తెలీదు గానీ, ఏదో ఒకదాని కిందికి రావాలి.) తమ్ముడికి ఎనిమిదేళ్ళు. అందరూ బుల్లోడనేవారు. ఇప్పుడు జయపురంలో బట్టతలతో, బొజ్జతో తిరుగుతున్నా మాకు బుల్లోడే. ఇక అమ్మ. పదో తరగతి దాకా సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. దుప్పటి అంచులు కలిపి మడతపెట్టడం, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడటం, ఏ పిల్లలనైనా పుణ్యాత్ముల్ని చేసెయ్యొచ్చన్న నమ్మకం, ఇవన్నీ అక్కణ్ణించి తెచ్చుకున్నవే. ఆ పుస్తకం తెలుగు మాత్రం గట్టిగా కోపం వస్తే జారిపోయి, పుట్టింటి పార్వతీపురం బయటపడేది.

క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు మాకు ఆగమన కాలం. ఆ ఏడు అమ్మ, హాస్టల్లో సిస్టర్లు చేయించిన పద్ధతి ఒకటి ఇంట్లో మొదలుపెట్టింది. రెండు ఖాళీ చెప్పుల పెట్టెలకి రంగు కాగితం అంటించి, గోడ మీది యేసు తిరుహృదయ పటం కింద బల్ల మీద పెట్టింది. ఒకటి నాది, ఒకటి బుల్లోడిది. అవి బాలయేసు పడుకునే పశువుల తొట్లు. పక్కింటి మౌసీ ఆవుల పాక నుంచి (మౌసీ మాకు చుట్టం కాదు, మా వీధిలో ఒడియా ఆడవాళ్ళందరూ మౌసీలే) ఒక కట్ట వరిగడ్డి తెచ్చి ఇత్తడి చెంబులో నిలబెట్టింది. రోజూ సాయంత్రం జపమాల అయ్యాక తీర్పు. మంచిపని చేసినవాళ్ళ తొట్టిలో గడ్డిపరక పడుతుంది. తప్పు చేస్తే ఉన్నదాంట్లోంచి ఒకటి పోతుంది. పండగ నాటికి ఎవరి తొట్టి మెత్తగా ఉంటే వాళ్ళే బాలయేసు స్వరూపాన్ని చేతుల్లోకి తీసుకుని, ఇంట్లో కట్టే క్రిస్మస్ పాకలో పడుకోబెడతారు.

ఆ స్వరూపం, అంటే బొమ్మ, అరచెయ్యంత ఉండేది. ఏడాది పొడుగునా ట్రంకుపెట్టె అడుగున, అమ్మ పెళ్ళినాటి చేతిరుమాలులో చుట్టి ఉండేది. పిల్లలు ముట్టుకుంటే విరుగుతుందని, ఇంటిపెద్ద గనక ఆయనే పెట్టాలని, ప్రతి ఏడూ నాన్నే పెట్టేవాడు. నాకు పదేళ్ళొచ్చినా దాని మీద వేలు పడలేదు. చింతగింజలంత పాదాలు. అవి ఒక్కసారి నా అరచేతిలో ఆనాలి, నేను నాలుగడుగులు నడవాలి, అందరూ చూడాలి. ఆ నెల్లాళ్ళూ నాకు ఇంకో కోరిక లేదు.

మొదటి సాయంత్రం నేను మంచి ధీమాగా ఉన్నాను. పొద్దున్నే వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టాను, వాకిలి ఊడ్చాను, అంట్లు తోమాను, నానమ్మ కాళ్ళు పట్టాను, బుల్లోడి నిక్కరుకి బొత్తాం కుట్టాను. చెంబులో గడ్డి చాలుతుందా అని అనుమానం కూడా వచ్చింది.

"ఇవాళ బుల్లోడు వాళ్ళ నాన్న తాగిన గ్లాసు తీసి వంటింట్లో పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే," అంది అమ్మ. ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం వణికింది. వాడి తొట్టిలో ఒక పరక వేసి, సిలువ గుర్తు వేసుకుని లేచిపోయింది.

"మరి నాకేటమ్మా?"

"నువ్వేం చేశావు?"

బిందెల దగ్గర మొదలుపెట్టి బొత్తాం దాకా చెప్పాను.

"అవి నీ పనులే కదమ్మీ. పని చెయ్యడం పుణ్యం కాదు. పనికి మించి చేస్తే పుణ్యం."

"ఆ గ్లాసు కడిగింది నానే కదా."

"కడగడం కాదు, తియ్యాలని వాడికి తోచింది చూడు. అదీ గొప్ప."

నానమ్మ నోట్లోంచి చుట్ట తీసి, "తోసడానికేటుందే కోడలా, నాకూ రోజూ నానా రకాలు తోస్తాయి," అని మళ్ళీ పెట్టేసుకుంది.

ఇక అక్కణ్ణించి బుల్లోడి పుణ్యం వర్షాకాలం నాగావళిలా పెరిగింది. చెప్పులు జతగా విప్పాడని ఒక పరక. కాకరకాయ కూర ఏడవకుండా తిన్నాడని ఒకటి. పిల్లి తోక లాగబోయి లాగకుండా ఆగాడని ఒకటి. (లాగబోవడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.) నేను మాత్రం పనికి మించింది ఏముందా అని ఇల్లంతా వెతుక్కుంటూ తిరిగేదాన్ని. ఆడపిల్లకి ఆ ఇంట్లో పనికి మించింది ఏదీ మిగల్లేదు, అన్నీ దాని పనులే. ఒకరోజు తెగించి నా కొత్త పెన్సిలు బుల్లోడికి ఇచ్చేశాను. త్యాగానికి నాకొక పరక పడింది. కృతజ్ఞత చెప్పినందుకు వాడికొకటి పడింది. మర్నాడు ఆ పెన్సిలు కోసం వాణ్ణి గిల్లాను, నాది పోయింది, వాడిది ఉండిపోయింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. పని చెయ్యకపోతే ఏమవుతుంది? ఓ పొద్దున్న అంట్లు ముట్టుకోకుండా పుస్తకం తెరిచి కూర్చున్నాను. అమ్మ కేకలేసింది, బద్ధకం ఏడు మూలపాపాల్లో ఒకటని గుర్తుచేసింది. నేను పావుగంట ఆగి, తల వంచుకుని వెళ్ళి, అన్నీ తళతళలాడేట్టు తోమాను. సాయంత్రం తీర్పు వేళకి నిలబడి, "నాను పశ్చాత్తాపపడ్డానమ్మా," అన్నాను. అమ్మ చెయ్యి చెంబు మీదికి వెళ్ళింది. పరక సగం బయటికి కూడా వచ్చింది. అంతలో నానమ్మ నవ్వు ఆపుకోలేక పొగ మింగి దగ్గింది. అమ్మకి అంతా అర్థమైపోయి పరక మళ్ళీ చెంబులోకి దిగిపోయింది. (నానమ్మతో రెండ్రోజులు మాట్లాడలేదు. కాళ్ళు మాత్రం పట్టాను. అది నా పని కదా.)

అసలు మంట రేగింది సిరాబుడ్డి దగ్గర. పరీక్షల ముందు నా శాస్త్రం నోటుబుక్కు మీద బుల్లోడు సిరా ఒలకబోశాడు. గుండె, ఊపిరితిత్తులు, కప్ప లోపలి భాగాలు, నేను వారం రోజులు కూర్చుని గీసినవన్నీ ఒకే నీలం చెరువైపోయాయి. అమ్మ వచ్చి ఎవరు చేశారంది. వాడు అప్పటికి పుణ్యంలో బాగా ఆరితేరాడు. రెండు చేతులూ కట్టుకుని, "నానే ఒలకబోసేనమ్మా, అబద్ధం ఆడకూడదు కదా," అన్నాడు. అమ్మ వాడి నుదురు ముద్దుపెట్టుకుంది. నిజాయితీకి రెండు పరకలు. నేను వాణ్ణి గాడిదన్నాను. కోపానికి నా తొట్టిలోంచి ఒక పరక తీసేశారు. పాడయింది నా పుస్తకం, పోయింది నా గడ్డి, పెరిగింది వాడి పుణ్యం. ఇలాంటి తీర్పు రాయగడ కచేరీలో చెబితే గుమాస్తాలే తిరగబడేవారు. ఎలాగో అడపాదడపా పడ్డవాటిలో నా తొట్టిలో ఇంకా మూడు మిగిలాయి. వాడిది పొంగిపోతూంటే అరచేత్తో అదిమి, దిండు సరిచేసినట్టు సరిచేసుకునేవాడు, నా వైపు చూస్తూ.

పండగకి ముందు ఆదివారం ఫాదర్ గారు ఇల్లిల్లూ తిరిగి దీవించే రోజు. మధ్యాహ్నం అమ్మ వంటింట్లో పండగ పిండివంట, గులాబీ పువ్వులు వేస్తోంది, నాన్న గడ్డం గీసుకుంటున్నాడు, బుల్లోడికి నానమ్మ తలకి నూనె పెడుతోంది. ముందు గదిలో నేనూ, రెండు తొట్లూ. వాడి తొట్టి ఎత్తుకుని పెరట్లోకి నడిచాను. గోడ అవతల మౌసీ ఆవు తల ఎత్తి చూసింది. నేనేమీ ఆలోచించకుండా చేశాననుకోకండి, బాగా ఆలోచించే చేశాను. గుళ్ళో నేర్పే జ్ఞానోపదేశంలో దయాక్రియల్లో మొదటిది ఆకలిగొన్నవాళ్ళకి తిండి పెట్టడం. ఆవుకి ఆకలిగా ఉంది. పైగా గడ్డి దాని పాకదే. పెట్టె దాని మూతి కింద పెట్టాను. బుల్లోడి వినయం, నిజాయితీ, కాకరకాయ, పిల్లి తోక అన్నీ మూడుసార్లు నమిలేసరికి అయిపోయాయి. అంతటితో ఆగక అట్టపెట్టె మూల కూడా కొరికింది. పాలగిన్నెలు కడుగుతున్న మౌసీ తలెత్తి, "ఇంతేనా తల్లీ?" అని ఒడియాలో అడిగింది. ఇంతే మౌసీ అన్నాను. నిజమే కదా, ఇంతే. ఖాళీ పెట్టెని తెచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. పశ్చాత్తాపం మాత్రం రాలేదు, ఎంత వెతికినా.

ఫాదర్ గారిది కేరళ. ఒడియా ధారాళంగా మాట్లాడేవారు. తెలుగు మాత్రం మా నాలుగైదు కుటుంబాల కోసం ప్రార్థన పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నారు. అందుకని ఆయన టీ బాగుందన్నా ఆకాశం నుంచి వినిపించినట్టుండేది. దీవెన అయ్యింది, టీ గ్లాసు చేతికొచ్చింది. అమ్మ మొహం వెలిగిపోతూ, "ఫాదర్, మా పిల్లల తొట్లు చూడండి," అని బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. ఒకదాంట్లో మూడు పరకలు. రెండోది ఖాళీ, మూల కొరికేసి ఉంది.

 బుల్లోడు రాగం అందుకున్నాడు. "నా పుణ్యం ఏదీ? నా పుణ్యం ఎవులో ఎత్తుకుపోనారు."

"ఎవులూ ఎత్తుకుపోలేదు. మౌసీ ఆవుకి నానే పెట్టేసేను," అన్నాను. "ఆకలిగా ఉన్నోలకి తిండి పెట్టమని ఫాదర్ గారే నేర్పేరు."

ఫాదర్ గారు గ్లాసు దించి నా వైపు వంగారు. "కుమారీ, ఆ తృణములు నీ సోదరునివి కావా?"

"కావు ఫాదర్. వాడు గ్లాసు ఎత్తితే పరక, నాను అదే గ్లాసు కడిగితే ఏటీ లేదు. వాడు సిరా ఒలకబోసి ఒప్పుకుంటే రెండు, నా పుస్తకం పోయిందని నానేడిస్తే ఉన్నది పీకేసేరు."

"సహనము మిక్కిలి అమూల్యమైన సుగుణము, కుమారీ."

"మరి న్యాయమో? మూలపుణ్యాలు నాలుగని మీరే కదా సెప్పేరు. వివేకం, న్యాయం, ధైర్యం, మితం. ఈ నెల్లాళ్ళలో న్యాయానికి మా ఇంట్లో ఒక్క పరకా పడలేదు."

ఫాదర్ గారు గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని కుర్చీలో కూర్చున్నారు. అమ్మ చెయ్యి అప్పటికే లేచింది. ఆ చెయ్యి ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, చెంప గట్టిపరుచుకుని నిలబడ్డాను. పడేదే. కానీ సరిగ్గా అప్పుడు నాన్న మంచం మీంచి, "నోర్ముయ్యే అమ్మీ. ఫాదరు బాబు ముంగట ఏటా మాటలు? ఆడపిల్లవి, ఓరుసుకోడం నేరుసుకో," అన్నాడు.

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లిగా నాన్న వైపు తిరిగింది. పుస్తకం తెలుగు అక్కడికక్కడే జారిపోయింది.

"ఓరుసుకోవాలేటి? ఎంతమంది ఓరుసుకోవాల ఈ ఇంట్లో?"

"నిన్నేటన్నాను, దాన్ని కదా అన్నాను," అన్నాడు నాన్న.

"దాన్నంటే నన్నన్నట్టు కాదేటి? నాను సేసే సాకిరీయే అదీ సేత్తంది. నాకెవులూ ఏటీ ఇయ్యనేదు, అందుకే దానికియ్యాలని నాకు తోసనేదు." అమ్మ ఊపిరి తీసుకుంది. "బుల్లోడు గ్లాసెత్తితే పరక ఎందుకేసేనో తెలుసా? నానీ గుమ్మం తొక్కి పన్నెండేళ్ళయింది. ఈ ఇంట్లో మగోడు గ్లాసెత్తడం నాను సూడ్డం అదే మొదలు. పుణ్యమనుకోనేదు నాను. అద్భుతమనుకున్నాను."

వంటింట్లో నూనె మాడిన వాసన వస్తోంది.  ఫాదర్ గారు తన చేతిలో గ్లాసు వైపు చూసి, లేచి నిలబడి, "తల్లీ, దీనిని ఎచట కడుగవలెను?" అన్నారు. అమ్మ సిగ్గుతో వద్దంటున్నా పెరటి వైపు నడిచారు.

"సూసినావా, ఎక్కడో కేరళ నుంచి వచ్చినోడికి తోసింది," అంది నానమ్మ కొడుకు వంక చూసి.

నాన్న మొహం గంటుపెట్టుకుని లేచాడు. తన గ్లాసు తీశాడు. తీసి, ట్రంకుపెట్టెలున్న గదిలోకి వెళ్ళాడు. వెళ్ళి వెనక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"అటు కాదురా అయ్యా," అంది నానమ్మ. "అంట్లు పెరట్లో తోముతారు."

గడ్డి పోటీ ఆ రోజుతో రద్దయిపోయింది. మిగిలిన కట్ట అమ్మ తీసుకెళ్ళి మౌసీకి తిరిగి ఇచ్చేసింది. అంట్లు బుల్లోడూ నేనూ చెరోపూట తోమాలని కొత్త చట్టం వచ్చింది. (వాడు తోమిన గిన్నెలు నేను మళ్ళీ తోమేదాన్ని. చట్టం వేరు, గిన్నె అడుగు జిడ్డు వేరు.) నాన్న మారిపోయాడని రాస్తే మీకు బాగుంటుంది గానీ, మారలేదు. ఓ వారం పదిరోజులు గ్లాసు పట్టుకుని పెరటిదాకా వెళ్ళాడు, తర్వాత గుమ్మం దాకా, తర్వాత కిటికీ దాకా. అయినా నేల మీద మాత్రం మళ్ళీ పెట్టలేదు. అమ్మ అది చాలనుకుంది. నేను చాలనుకోలేదు, ఆ విషయం మీద ఆవిడతో చివరిదాకా వాదించాను.

పండగ సాయంత్రం అమ్మ ట్రంకుపెట్టె తెరిచి రుమాలు విప్పింది. అలవాటుగా నాన్న చెయ్యి చాచాడు. హక్కుగా నేను రెండు చేతులూ చాచాను. న్యాయం గురించి గొంతెత్తింది నేను, తన్నులకి సిద్ధపడింది నేను, ఇక నాకు కాక ఎవరికి? అమ్మ మా ఇద్దరి వంకా చూడనే లేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఏటా బయటికి తీసి ఇంకొకరి చేతికిచ్చిన ఆ స్వరూపాన్ని రెండు అరచేతుల్లోకీ తీసుకుని, నాలుగడుగులు నడిచి, పాక ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తనే పడుకోబెట్టింది. ఎవర్నీ అడగలేదు.

అది నేను కళ్ళారా చూసినట్టు రాశాను కదా. చూడలేదు. నానమ్మ చెబితే తెలిసింది. అమ్మ నా చేతుల్ని దాటుకుని వెళ్ళిపోగానే నాకు ఒళ్ళు మండిపోయి, గోడకి తిరిగి, సున్నానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. వెనకాల అందరూ పాట పాడుతున్నారు. పాటలో అమ్మ గొంతు మిగతా గొంతుల కంటే పైకి వినిపించింది. అంతవరకే నాకు తెలుసు. ఆ నాలుగడుగుల్లో అమ్మ మొహం ఎలా ఉందో తెలీదు. ఎదురుగా నిలబడి చూసినవాడు బుల్లోడు. వాణ్ణి ఎన్నిసార్లు అడిగానో, గుర్తులేదే అక్కా అంటాడు. నిజమే చెబుతున్నాడు, వాడికి చిన్నప్పటి నుంచీ నిజాయితీ ఎక్కువ. అమ్మని అడుగుదామంటే అమ్మ లేదు.

ఆ గోడ దగ్గర పిల్లని తలుచుకుంటే ఈ వయసులో నాకు నవ్వొస్తుంది. భుజం పట్టుకుని ఇటు తిప్పి, చూడవే వెర్రిదానా, నువ్వు వాదించి గెలిచింది ఇదే, అని చెప్పాలనిపిస్తుంది. తిరగదు. దాని సంగతి నాకు తెలియదా.